మనిషి ఉండగానే వచ్చిన దండ

మా వైపు చావు కబురు మోసేవాడి నోట్లో నిజం నిలవదు. మనిషి పోయి, తల దగ్గర దీపం పెట్టి, వాకిట్లో షామియానా కూడా వేశాక ఫోన్ చేసి "ఒంట్లో బాగలేదు, ఒకసారి వచ్చి చూసిపోండి" అంటారు. దారిలో ఉన్నవాళ్లు గుండెలు బాదుకోకూడదని వాళ్ల ఉద్దేశం. ఈ మర్యాద ముదిరి ముదిరి చివరికి దానికొక నిఘంటువే తయారైంది. "నలతగా ఉంది" అంటే ఆసుపత్రిలో చేర్చారని అర్థం. "సీరియస్‌గా ఉంది" అంటే అయిపోయిందని అర్థం. "శానా సీరియస్, యాడుండేవాళ్లు ఆడ్నించే బయల్దేరండి" అంటే పాడె కట్టేశారు, మీకోసమే ఆపారు అని. ఈ లెక్క మా ఇళ్లలో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

మా అమ్మ పోయినప్పుడు ఆ నిఘంటువు కూడా నాకు పనికి రాలేదు. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చి ఎంతో కాలం కాలేదు, పైగా కడుపుతో ఉన్నాను. కాబట్టి నా మీద దయతో కబురును ఇంకో మెట్టు కిందికి దించి "జొరమంట, నిన్ను చూడాలంటాంది" అని చెప్పారు. జొరమే కదా అని నేను బస్టాండులో చీనీ కాయలు, అదే బత్తాయిలు, ఏరి ఏరి కొన్నాను. పులుపు ఉంటే మా అమ్మ నోట పెట్టదు, అందుకని ఒకటి కోయించి తిని చూసి మరీ కొన్నాను. జమ్మలమడుగులో దిగి ఊరికి పోయేసరికి వాకిట్లో జనం. నా చేతిలోని సంచీ ఎవరో తీసుకున్నారు. కాసేపటికి చూస్తే పిల్లలు అరుగు మీద కూర్చుని ఆ కాయలు ఒలుచుకుని తింటున్నారు.

నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అమ్మ అంతకు ముందే నెలల తరబడి మంచంలో ఉందట. నేను ఫోన్ చేసినప్పుడల్లా "బాగుంది, గొర్రెల కాడికి పోయింది" అన్నారు. నేను బాగుందనుకుని పోలేదు. ఆమెతో మాట్లాడాల్సినవి అన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఆలోచన కూడా నాకు లేదు.

అప్పటినుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఏదైనా నా కంటితో చూడాలి, నా చెవితో వినాలి, అదీ జరుగుతుండగానే. నేను బట్టల వీధిలో ఒక చిన్న మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. రవికె గుడ్డలు, ఫాల్సు, లంగాలు అమ్ముతాను. ఆడవాళ్లు వచ్చి "వంకాయ రంగు గుడ్డ ఇయ్యి" అంటారు. ఎవరి ఇంటి వంకాయ వాళ్లది. "చీర తెచ్చినావా?" అని అడుగుతాను. ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. ఆ ఫోటోను నమ్మి గుడ్డ చింపి ఇచ్చినవాళ్లంతా మళ్లీ వాపసులతో కొట్లాడుతున్నారు. నేను మాత్రం చీర తెమ్మంటాను, తెచ్చాక గుడ్డనూ చీరనూ గడప బయట ఎండలో పెట్టి చూపిస్తాను. నాకు పొగరని వీధిలో పేరు. గుడ్డ వాపసు వచ్చిందన్న పేరు మాత్రం లేదు.

మా ఆయన బంగారు అంగట్లో గుమాస్తా. వాళ్ల అంగట్లో గోడకు ఒక తెర ఉంటుంది, అందులో రేటు కదులుతూనే ఉంటుంది. కొనేవాడు, అమ్మేవాడు, టీ తెచ్చినవాడు అందరూ దాన్నే చూస్తుంటారు. బంగారం పడిపోతే "రేటుకు కొంచెం నలతగా ఉంది, వచ్చి చూసిపోండి" అని ఎవడూ అనడు. పడిందంటే పడిందనే చెబుతారు. ఊపిరి పీల్చే మనుషుల సంగతికి వచ్చేసరికే అందరికీ అంత నాజూకు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

ఒక వానాకాలం టీవీలో పెన్నా పొంగి మా ఊరిని ముంచేస్తోందని చెబుతున్నారు. చెప్పే అమ్మాయి గొంతులో వణుకు కూడా ఉంది. నేను చెప్పులు వేసుకుని వంతెన దగ్గరికి పోయి చూశాను. చీలమండ దాకా నీళ్లు, అందులో నాలుగు బర్రెలు పడుకుని ఉన్నాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ వైపు చూపిస్తూ "ఆడ అట్ల సెప్తాండారు గదా" అన్నాడు. వంతెన మీద నిలబడి చూసి వచ్చిన భార్య కన్నా హైదరాబాదులో కూర్చున్న పిల్ల మాట మీదే ఆయనకు గురి.

ఈ విషయంలో నాకు తోడు మా నాయన ఒక్కడే. ఆయన గండికోట వైపు గొర్రెలు తోలేవాడు. సెలవు రోజుల్లో కోట చూడవచ్చిన పిల్లలు ఆయన మందతో ఫోటోలు దిగేవాళ్లు. ఒకసారి ఒక అమ్మాయి ఫోటో దిగి ఆయనకే చూపించిందట. అందులో గొర్రెలు పాలలా తెల్లగా, లోయలో నీళ్లు సిరాలా నీలంగా ఉన్నాయట. "బాగుంది గానీ తల్లీ, ఇది యా ఊరి ఏరు?" అని అడిగాడట. ఈ మాట నాకు ఆయనే చెప్పాడు కాబట్టి నమ్ముతాను.

మొన్న చలికాలంలో ఒక ఉదయం నేను అంగట్లో ఒకావిడతో వంకాయ రంగు గురించే వాదిస్తున్నాను. మా అన్న ఫోన్ చేశాడు. నాయన ఊళ్లో అన్న దగ్గరే ఉంటాడు.

"పాపా, నాయనకు సీరియస్‌గా ఉంది. జమ్మలమడుగులో చేర్చినాం. బయల్దేరి రా."

నిఘంటువు గుర్తొచ్చింది. కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"ఉండాడా, పోయినాడా? అది సెప్పు ముందు."

"అయ్యో, అట్లడుగుతావేంది? సీరియస్ అంటాండా గదా."

"మనిండ్లల్లో సీరియస్ అంటే ఏందో నాకు తెలుసన్నా. నాయనకు ఫోనియ్యి."

"మాట్లాడేకి కాదు. ఆక్సిజన్ పెట్టినారు."

"మాట్లాడొద్దులే. ఫోను ముక్కు కాడ పెట్టు."

"యాడ?"

"ముక్కు కాడన్నా, ముక్కు కాడ!"

అన్నకు నా సంగతి తెలుసు, కాబట్టి పెట్టాడు. ముందు బుస్సుమని గాలి శబ్దం వచ్చింది. ఆ తర్వాత దగ్గు. బీడీలు కాల్చి కాల్చి గీసుకుపోయిన ఆ దగ్గు మా నాయనకు తప్ప జిల్లాలో ఎవరికీ లేదు. చిన్నప్పుడు ఆయన మంద తోలుకుని వస్తున్నాడని మాకు తెలిసేది ఆ దగ్గు వల్లే. నేను అంగట్లో నిలబడి పెద్దగా ఏడ్చేశాను. ఎదురుగా ఉన్నావిడ "పోయినాడామ్మా?" అంది జాలిగా. "లేదక్కా, దగ్గుతాండాడు" అన్నాను. ఆవిడ నన్ను ఎలా చూసిందో చెప్పలేను, గుడ్డ మాత్రం కొనకుండా వెళ్లిపోయింది.

జమ్మలమడుగు బస్సులో కూర్చున్నాక నాకు కావలసిందేమిటో నాకు స్పష్టంగా ఉంది. అమ్మ దగ్గర పోగొట్టుకున్నది నాయన దగ్గర పోగొట్టుకోకూడదు. ఆయనకు ఎంత కాలం ఉన్నా సరే, అది ఎంతో నాకు తెలియాలి. మాట్లాడాల్సింది మాట్లాడుకోవాలి.

పోయేసరికి నాయన ముక్కుకు గొట్టం తీసేశారు. దిండుకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. ముఖం పీక్కుపోయింది కానీ కళ్లు చురుగ్గానే ఉన్నాయి. అసలు గొడవ అప్పుడే మొదలైంది. మా అన్న ఉదయం భయపడి బంధువులందరికీ ఫోన్లు చేశాడు. నిజంగానే సీరియస్‌గా ఉంది కాబట్టి సీరియస్ అనే చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక కబురును ఉన్నదున్నట్టు చెప్పాడు, జనం దాన్ని నిఘంటువులో పెట్టి చూసుకున్నారు.

ముందు మా మేనత్త వచ్చింది. ఆటో దిగేటప్పుడే జుట్టు విప్పుకుని, "నన్ను ఇడిసి పోతివా అన్నా, నీ గొర్రెలకు దిక్కెవరన్నా" అని రాగం తీస్తూ వార్డులోకి వచ్చింది. నర్సు అడ్డం పడినా ఆగలేదు. నాయన కాఫీ గ్లాసు దించి, నా వైపు తిరిగి, "ఎవురు పోయినారు మ్మే?" అని అడిగాడు. నిజంగా కంగారుపడి అడిగాడు. మేనత్త రాగం మధ్యలో ఆగి ఆయన్ను చూసింది, ఆ తర్వాత మా అన్నను చూసింది. ఆ రోజు మా అన్నకు పడిన తిట్లు ఇక్కడ రాసే రకం కావు.

మధ్యాహ్నం నేను మందులు తెద్దామని బయటికి వస్తే గేటు దగ్గర మా చిన్నాయన నిలబడి ఉన్నాడు. నాయనకు తమ్ముడు, పులివెందులలో ఉంటాడు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటలు లేవు. ఏదో పెళ్లిలో, భోజనాల బంతిలో నాయన తమ్ముడి గురించి ఏదో అన్నాడట. విన్నవాడు ఇంకొకడికి చెప్పాడు, వాడు కొంచెం ఉప్పూకారం చేర్చి మరొకడికి చెప్పాడు. పులివెందుల చేరేసరికి అది తమ్ముడు తల్లికి కూడు పెట్టలేదని అన్నట్టుగా మారింది. చిన్నాయన వచ్చి మా నాయనను అడగలేదు. తాను అలా అనలేదని నాయన పోయి చెప్పలేదు. ఇద్దరూ మధ్యవాళ్లను అడిగి మధ్యవాళ్లకే జవాబులు చెప్పారు.

మా వైపు పగకు ఒక పద్ధతి ఉంది. మాటలు లేనివాడు పెళ్లికి రాడు, జబ్బు మనిషిని చూడటానికి రాడు, వస్తే తగ్గినట్టు. చావుకు మాత్రం రావాలి, రాకపోతే వాడికే చెడ్డపేరు. కాబట్టి చిన్నాయన వచ్చాడు. భుజాన టవలు, చేతిలో సంచీ, అందులోంచి చామంతి దండ సగం బయటికి వేలాడుతోంది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. దారంతా ఏడుస్తూనే వచ్చినట్టున్నాడు.

"యాడ పండుకోబెట్టినారు పాపా?" అన్నాడు.

"బతికే ఉండాడు చిన్నాయనా. లోపల కాఫీ తాగుతాండాడు."

ఒక్క క్షణం ఆయన ముఖం విప్పారింది. నేను చూశాను. వెంటనే మళ్లీ ముడుచుకుపోయింది.

"మరి సీరియస్ అన్యారు?"

"సీరియస్సే. నిజ్జంగానే సీరియస్."

"నిజ్జంగా సీరియస్ అయితే సీరియస్ అని యాల సెప్పినారు?"

లోపలికి రమ్మన్నాను. ఆయన గేటు దాటలేదు.

"నేనెట్లొస్తా పాపా? బతికుండే మనిషి. ఆయప్ప నన్ను పిలిసినాడా?"

"ఇంత దూరం వచ్చినావు, మొగం సూసి పో చిన్నాయనా."

"పిలవందే నేను రాను. అయినంక వస్తాలే" అని, అన్నది ఏమిటో తనకే వినపడి నాలుక కరుచుకున్నాడు. దండను సంచీలోకి తోసుకుంటూ వెనక్కి తిరిగి బస్టాండు వైపు పోయాడు. దాన్ని దారిలో ఆంజనేయస్వామి గుడిలో ఇచ్చి పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. అది నేను చూసింది కాదు.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. అన్ననూ నన్నూ వరండాలోకి పిలిచి ఎక్స్‌రే చూపిస్తూ చాలా సేపు మాట్లాడాడు. మంచివాడే, కానీ ఆయన మాటల్లో మా నాయన ఎక్కడా లేడు. "చూద్దాం", "ప్రయత్నిద్దాం", "శరీరం ఎలా స్పందిస్తుందో" అంటున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"సార్, మీ నాయనకే ఇట్లొచ్చిందనుకోండి. మీ చెల్లెలికి ఏం చెప్తారు?"

డాక్టరు ఎక్స్‌రే దించి నన్ను చూశాడు. ఆ తర్వాత చెప్పాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ. బాగా ముదిరింది. కోసి తీయడానికి వీల్లేదు. ఉగాది దాకా ఉంటే గొప్ప. ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నాడు. అన్న టవలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఏడుపు ఆగాక అన్న మొదటి మాట, "నాయనకు గ్యాస్ అని సెప్తాం పాపా."

"గ్యాసా?"

"తెలిస్తే ఈ రాత్రికే పోతాడు. గుండె ఆగిపోతాది."

"ఆయప్ప గుండె ఆగదన్నా. నీది ఆగుతాదేమో."

"నీకు నోరెక్కువ. ఉండే నాలుగు దినాలన్నా నెమ్మదిగా ఉండనీ."

అన్న మీద నాకు కోపం వచ్చిందని చెప్పాలి, కానీ ఆయన ముఖం చూస్తే రాలేదు. నాయన తిండి, స్నానం, రాత్రి దగ్గు అన్నీ చూసుకునేది ఆయనే. నేను ప్రొద్దుటూరులో కూర్చుని నిజం నిజం అని అరిచేదాన్ని. సరే, అడిగితే తప్ప చెప్పను అని మాటిచ్చి లోపలికి పోయాను. అన్న ముందే పోయి నాయనకు గ్యాస్ అని చెప్పేశాడు.

నాయన అప్పటికే నర్సుల మాటల్లోంచి ఏదో పసిగట్టాడు. "గేటు కాడికి ఎవురో వచ్చి పోయినారంట, యెవురు?" అన్నాడు. అన్న నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

"నీ తమ్ముడు. దండ తెచ్చినాడు. నువ్వు పోలేదని ఎనిక్కి పోయినాడు."

నాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు.

"ఏం పూలు?"

"చామంతులు."

"పెద్దదేనా?"

"పెద్దదే నాయనా. మోకాళ్ల దాకా వస్తాది."

"ఊఁ" అన్నాడు తృప్తిగా. "ఏడ్సినాడా?"

"కండ్లు వాచిండాయి."

అప్పుడు అన్న వైపు తిరిగి టీ తెమ్మన్నాడు. ఇప్పుడే కాఫీ తాగినావు కదా అన్నాడు అన్న. "టీ తేపోరా" అని గదిమాడు. అన్న నన్నొక చూపు చూసి పోయాడు. నాయన దుప్పటి సర్దుకున్నాడు.

"ఇప్పుడు సెప్పు. మీయన్న ఇందాకట్నించి గ్యాస్ గ్యాస్ అంటాండాడు. గ్యాస్‌కు ముక్కుకు గొట్టం పెడ్తారా? గొర్రెకు రోగమొస్తే దానికి సెప్పం, నిజమే. నేను గొర్రెను గాదు గదా."

ఇన్నేళ్లూ ఎదుటివాళ్లను నిలదీసి నిజం లాక్కోవడమే నాకు తెలుసు. ఒక మనిషికి, అందులోనూ మా నాయనకు, దాన్ని ఇవ్వాల్సి వస్తే ఇంత బరువుంటుందని తెలియదు. గ్యాస్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చాలా సులువైన మాట అది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఊపిరితిత్తుల్లో గడ్డ నాయనా. ముదిరింది. కోసేదానికి లేదంట. ఉగాది దాకా ఉంటావేమో అన్యాడు. అదిగూడా గట్టిగా సెప్పలేడంట."

చెప్పేశాక ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"నొప్పుంటాదా?"

"ఉంటాదంట. మందిస్తారంట."

తల ఊపాడు. "మీయమ్మ గూడా అడిగింది నన్ను. నాకేమైంది, సెప్పు అని. బాగైతాదిలే అన్యా. నమ్మింది. బాగైనంక పోయి బిడ్డను సూసొస్తాననింది. అందుకే నిన్ను పిలిపించమని అడగలా."

నేను ఏడ్చాను. ఆయన ఆపమనలేదు. ఎప్పటికో టవలుతో నా ముఖం ఆయనే తుడిచి, "ఫోనియ్యి" అన్నాడు.

ఎవరికి అని అడగలేదు. ఆయన ఒక్కొక్క అంకె చెబుతుంటే నొక్కాను. ఇన్నేళ్లు మాటలు లేని తమ్ముడి నంబరు ఆయనకు నోటికొచ్చు. రెండు మూడు మోతలకే అటువైపు ఎత్తారు.

"రేయ్, నేను... నేనే రా, మీయన్నను. యాడుండావు?... ఇంగా ముద్దనూరు బస్టాండులోనేనా? పులివెందుల బస్సెక్కద్దు, ఈడికి రా." ఊపిరి అందక ఆగాడు. నేను గొట్టం అందుకోబోతే వద్దని చెయ్యి ఊపాడు. "నేనింగా పోలా. ఉగాది దాకా టైముందంట, పాప కనుక్కున్యాది. ఆ పెండ్లి బంతిలో నేనేమన్యానో ఊర్లో అందర్నీ అడిగినావు, నన్నడగలా. వచ్చి అడుగు. నేను పోయినంక వచ్చి ఏడిస్తే నాకినపడదు రా. తిట్టేదుంటే ఇప్పుడే తిట్టు."

అటువైపు నుంచి ఏమంటున్నారో నాకు వినపడటం లేదు. స్పీకరు నొక్కుదామని చెయ్యి చాపాను. నాయన నా చెయ్యి తోసేసి, ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుని గోడ వైపు తిరిగాడు. చాలాసేపు అలాగే విన్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి, దగ్గు మాత్రం లేదు. చివరికి ఫోను కొంచెం పక్కకు జరిపి నా వైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు.

"తిడతాండాడు మ్మే" అన్నాడు సంతోషంగా, మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నాడు.